రెండున్నర సైరను, ఏడు చేపలు

చేపలు సైరన్ కంటే ముందు అడుగుకు పోతాయా, సైరన్ మోగాక పోతాయా అని నేనూ మా ఆయనా చాలా నెలలు కొట్లాడుకున్నాం. ముందే పోతాయని ఆయన, మోగాకే పోతాయని నేను. ఉత్త నవ్వులాట కొట్లాట. అందులో మా ఆయన ప్రాణం ఉందని ఇద్దరికీ తెలియదు. తెలిసిన రోజు నుంచి ఇవాళ్టిదాకా ఆ గాజుతొట్టి ముందు నిలబడితే నాకు ఒళ్ళు జలదరిస్తుంది.

మాది గోదావరిఖని. కంపెనీ క్వార్టర్‌లో ఉంటాం. నేను ఒక ప్రైవేటు బడిలో ఆరు, ఏడు తరగతులకు సైన్సు చెబుతాను. మా ఆయనది ఓపెన్‌కాస్టులో, అంటే నేలను పైనుంచే తవ్వే బొగ్గు గనిలో, బ్లాస్టింగ్ పని. బండలో వరసగా బోర్లు వేస్తారు, వాటిలో పేలుడు మందు నింపుతారు, వైర్లు కలుపుతారు, సైరన్ మోగిస్తారు. సైరన్ మోగిందంటే ఆ చుట్టుపక్కల మనిషన్నవాడు ఉండకూడదు. అందరూ దూరం జరిగాక పేలుస్తారు. రోజూ మధ్యాహ్నం రెండున్నరకు సైరన్, ఆ తర్వాత కొద్ది నిమిషాలకు పేలుడు. మా ఇంట్లో కిటికీ రెక్కలు గడగడలాడతాయి, అలమరలో స్టీలు గ్లాసులు ఒకదానికొకటి తగులుకుంటాయి. ఇక్కడ పుట్టి పెరిగినవాళ్ళం ఆ మోతను పట్టించుకోం. మా చిన్నత్త జగిత్యాల నుంచి మొదటిసారి వచ్చినప్పుడు మాత్రం భూకంపం అనుకుని చేతిలో అన్నం ముద్దతోనే వీధిలోకి ఉరికింది.

అటువంటి పని చేసే మనిషికి చేపల పిచ్చి ఎట్లా పట్టిందంటే, జ్యోతినగర్‌లో ఒక ఇంజనీరుగారింటికి ఏదో పని మీద వెళ్ళి, వాళ్ళ హాల్లో రంగుచేపల తొట్టి చూసి వచ్చాడు. వచ్చిన దగ్గర నుంచీ అదే మాట. నెల తిరక్కుండా ఎవరో అమ్మేస్తున్న పాత తొట్టి ఒకటి ఆటోలో తెచ్చి హాల్లో దించాడు. దానిలోకి ఎనిమిది చేపపిల్లలు. రెయిన్‌బో చేపలట, అంటే ఇంద్రధనుస్సు చేపలట! నేను కళ్ళజోడు పెట్టుకుని మరీ చూశాను. వేలెడంత కూడా లేవు. నీటిలో నానిన బూడిద రంగు.

"ఏ షాపోడో నీ తల గొరిగిండు. ఇంద్రధనుస్సు ఏది? నేను గిన్నెలు తోమే పీచు దీనికంటె రంగుంటది" అన్నాను.

"పిల్లలప్పుడు గిట్లనే ఉంటయంట. ఓపిక పట్టు. పెద్దగైనంక సూడు" అన్నాడు.

ఓపిక అన్నది నా ఒంట్లో లేదని ఆయనకు తెలియనిది కాదు. అయినా ఇల్లు నాది, తుడుపు నాది, బొగ్గు దుమ్ము రోజూ తొట్టి మీద కూడా పేరుకునేది కాబట్టి చేపలూ నావే అయ్యాయి. ఆయన నీళ్ళు మార్చేవాడు. నల్లా నీళ్ళకు బ్లీచింగ్ వాసన వస్తుందని బకెట్లలో ఒక రోజు నిలవ పెట్టి, చెయ్యి పెట్టి చూసి, చంటిపిల్లకు స్నానం పోసినంత మెల్లగా పోసేవాడు. మా నీళ్ళలో ఉప్పదనం ఎక్కువ, గిన్నెల మీద తెల్లపొర కడతాయి. ఆ నీళ్ళను నేను జీవితమంతా తిట్టుకున్నాను. ఈ చేపలకు అటువంటి నీళ్ళే పడతాయని తెలిసి నోరు తెరిచాను. ఎక్కడో సముద్రాల అవతల, ఒక దీవిలో, కొండల నడుమ సరస్సులో పుట్టిన జాతి అది. వాటి ఊరి నీళ్ళూ మా బొగ్గుబావుల ఊరి నీళ్ళూ ఒక్క తీరుగా ఉండటమేమిటి!

వచ్చిన మొదటి ఆదివారమే ఒకటి చచ్చిపోయింది. మధ్యాహ్నం పేలుడు కాగానే బెదిరి, మూత లేని తొట్టిలోంచి ఎగిరి నేల మీద పడింది. నేను వంటింట్లోంచి వచ్చేసరికి కదలిక లేదు. సాయంత్రం ఆయన డ్యూటీ నుంచి వచ్చి దాన్ని అరచేతిలో పెట్టుకుని చాలాసేపు కూర్చున్నాడు.

"ఇయ్యాల మందు వెట్టింది నేనే" అన్నాడు.

మర్నాడు తొట్టికి గాజు మూత వచ్చింది. తొట్టి కింద పాత కన్వేయర్ బెల్టు రబ్బరు ముక్కలు రెండు పొరలుగా వచ్చాయి. ఇక్కడ ఆ బెల్టు ముక్క లేని ఇల్లుండదు, అందరం గడప ముందు కాళ్ళు తుడుచుకోవడానికి వేసుకుంటాం. పేలుడు అదురు తొట్టికి తగలకుండా దాని మీద కూర్చోబెట్టాలన్న ఆలోచన మా ఆయనకే వచ్చింది. మిగిలిన ఏడూ బతికాయి.

రంగు వచ్చిన రోజు చెబుతాను. చలి మొదలైన కొత్త. బడికి టైమైపోతోందని టిఫిన్ డబ్బా బ్యాగులో కుక్కుకుంటూ హాల్లోకి వచ్చాను. తూర్పు కిటికీలోంచి ఎండ సరిగ్గా తొట్టి మీద పడింది. నా కాళ్ళు అక్కడే ఆగిపోయాయి. అందులో ఉన్నవి మా చేపలు కావు! తల నుంచి నడుము దాకా నీలం, ముదురు నీలం. నడుము నుంచి తోక దాకా నారింజ పండు రంగు. రెండు రంగులూ కలిసే చోట ఇంకో రంగుంది, దానికి నా దగ్గర పేరు లేదు. చేప ఇటు తిరిగితే ఒకలా, అటు తిరిగితే ఇంకోలా. అంతకుముందు వారం నుంచీ కాస్త కాస్త మారుతున్నాయని అనుకుంటూనే ఉన్నాను, కానీ ఎండలో చూడలేదు. పెద్ద మగచేప ఒకటి ఆడచేప ముందుకు వచ్చి నిలబడి, ముక్కు నుంచి వీపు దాకా తెల్లటి గీత ఒకటి వెలిగించింది. నిజంగా వెలిగించింది, స్విచ్చి వేసినట్టు. మళ్ళీ ఆర్పేసింది. మళ్ళీ వెలిగించింది. అమ్మో అమ్మో అంటూ ఒక్కదాన్నే గట్టిగా అరిచాను.

పక్క క్వార్టర్ అవ్వ ఏమైందోనని పరుగెత్తుకొచ్చింది. ఆమె భర్త గనిలో పనిచేసి పోయాడు, పింఛను మీద ఉంటుంది, ప్రతి ఆదివారం చర్చికి వెళ్ళే మనిషి. తొట్టి ముందు అట్లాగే నిలబడి, కొంగుతో నోరు మూసుకుని, "దేవుడు తీరువాటంగ కూసొని ఏసిండు బిడ్డా గీ రంగులు. మనను మాత్రం జల్ది జల్దిగ చేసి ఇడిసిపెట్టిండు" అంది. ఆ రోజు బడికి అరగంట ఆలస్యం. హెడ్మాస్టరు మొహం చిట్లించినా నాకు చీమ కుట్టినట్టయినా లేదు.

తర్వాత గుడ్లు పెట్టాయి. ఆయన పాత స్వెటర్ విప్పి ఉన్నితో కుచ్చు కట్టి నీటిలో వేలాడదీశాడు. పొద్దున్నే దాన్ని ఎత్తి చూస్తే ఉన్నిపోగులకు అతుక్కుని ఆవగింజ కంటే చిన్న గాజుపూసలు. ఆ కుచ్చును వేరే సీసా నీళ్ళలో పెడితే, వారం గడిచాక వాటిలోంచి కనురెప్ప వెంట్రుకంత పిల్లలు. ఒకదాన్ని నీటిచుక్కతో సహా బడికి పట్టుకెళ్ళి మైక్రోస్కోపు కింద పెట్టాను. ఒళ్ళంతా అద్దమే. గుండె కొట్టుకోవడం కనిపిస్తోంది. కంటి వెనకాల రెండు చిన్న మెరుపు చుక్కలు. అవి చేప చెవిలో ఉండే రాళ్ళు. చేపకు చెవి బయటికి కనిపించదు, లోపల ఉంటుందని ఏళ్ళ తరబడి పిల్లలకు చెబుతున్నాను కానీ, కళ్ళతో చూడటం అదే. గంట కొట్టినా వినబడలేదు నాకు, పిల్లలే పిలిచారు.

ఇంటికొచ్చి ఆయనతో అదే చెప్పాను. "గింత పిల్లకు గంత సోయి ఉన్నది. నీకు చేటంత చెవులుండి ఏం ఫాయిదా?" అన్నాను. ఆయన నవ్వాడు.

ఆ మాట ఊరికే అనలేదు. వంటింట్లోంచి పిలిస్తే పలకడు. ఫోన్ మోగినా ఎత్తడు. టీవీ పెడితే వీధి చివరిదాకా వినబడాలి. నేను ఒక విషయం మూడుసార్లు చెబితే నాలుగోసారి "ఏంది?" అంటాడు. పద్దెనిమిదేళ్ళ కాపురంలో మొగుడికి పెళ్ళాం మాట లెక్కలేకుండా పోయిందని మా చెల్లెలికి ఫోన్ చేసి ఏడ్చాను కూడా. మా అమ్మాయి హాస్టల్ నుంచి వచ్చినప్పుడు "నాన్న నిన్ను కావాలనే పట్టించుకోడమ్మా" అంటే, అవునన్నాను. ఆయన చొక్కాలు ఉతికేటప్పుడు జేబులో చెవులకు పెట్టుకునే బిరడాలు దొరికేవి, కంపెనీ ఇచ్చినవి, కవరు కూడా విప్పకుండా. వాటిని బయట పడేసి నీళ్ళలో చొక్కా ముంచేదాన్ని. నాకేం తట్టలేదు.

ఇక సైరన్ సంగతి. ఓపెన్‌కాస్టులో వారపు సెలవు అందరికీ ఒకే రోజు కాదు. మా ఆయనకు బుధవారం, నాకు ఆదివారం. అందుకని ఆయన డ్యూటీలో ఉన్న ఆదివారాలు నేనొక్కదాన్నే, నేను బడిలో ఉన్న బుధవారాలు ఆయనొక్కడే మధ్యాహ్నం చేపలను చూసేవాళ్ళం. ఒక ఆదివారం రెండున్నరకు సైరన్ మోగింది. అంతదాకా పైన తిరుగుతున్న ఏడు చేపలూ ఒక్కసారిగా కిందికి దిగి, రాయి వెనకాల ఒకదాని పక్కన ఒకటి చేరి, రెక్కలు ముడుచుకుని నిలబడిపోయాయి. కొద్ది నిమిషాలకు పేలుడు. ఒక్కటి కూడా బెదరలేదు. అదురు ఆగాక మెల్లగా పైకి వచ్చాయి. మరుసటి ఆదివారం కూడా అంతే. సైరన్ తర్వాత పేలుడు వస్తుందని వాటికి ఎవరు చెప్పారు? ఎగిరి చచ్చిపోయిన దాన్ని చూసి నేర్చుకున్నాయా? నీటికి ఏదైనా తెలుస్తుందా? పాఠం చెప్పేదాన్ని నేనే, నా దగ్గరే జవాబు లేదు. ఆ ఏడింటి ముందు నేను మొదటి బెంచీ పిల్లనైపోయాను.

ఆయనకు చెబితే, "నాకు ఎప్పుడో తెలుసు. కని నువ్వు చెప్పేది తప్పు. సైరన్ కాకముందే పోతయి" అన్నాడు.

"సైరన్ అయినంకనే. నేను కండ్లార సూసిన."

"నేను బుధారం బుధారం సూస్తున్న. సైరన్ లేదు, ఏం లేదు, ముందుగాలనే దిగుతయి."

అక్కడితో ఆగాడా? గనిలో అందరికీ చెప్పాడు. ఆయనతో పనిచేసే తమ్ముడి వరసయ్యే అతను ఒకసారి ఇంటికొచ్చి తొట్టిలోకి వంగి చూస్తూ, "వదినా, అన్న చెప్పేది నిజమేనా? సైరన్ కంటె ముందే తెలుస్తదట గద వీటికి" అని అడిగాడు. ఆ పిచ్చోడి మాటలు నమ్మకు అన్నాను నేను. ఇద్దరూ నవ్వారు. తన చేపలు అందరి చేపల కంటే గొప్పవని చెప్పుకోవడానికి ఒక గీత ఎక్కువే గీస్తున్నాడనుకున్నాను.

ఎండాకాలం సెలవులు వచ్చాయి. మొదటి బుధవారం ఇద్దరం ఇంట్లోనే. భోజనం చేసి, ఇయ్యాల తేలిపోవాలి అనుకుంటూ తొట్టి ముందు రెండు కుర్చీలు వేసుకున్నాం. పందెం కూడా కట్టాం, ఓడినవాళ్ళు వారమంతా గిన్నెలు తోమాలని. కూలర్ కూడా ఆపేశాను.

రెండున్నరకు సైరన్ మోగింది. గాలి మా వైపే ఉంది కాబట్టి రోజూ కంటే గట్టిగానే మోగింది. చేపలు కదిలాయి. ఏడూ కిందికి దిగాయి. నేను గెలిచానని నోరు తెరవబోయాను. ఈలోగా ఆయన నా చెయ్యి పట్టుకుని ఊపేశాడు.

"సూడు సూడు! సైరన్ ఇంక మోగనే లేదు! పోయినయి సూడు!"

సైరన్ ఇంకా మోగుతూనే ఉంది. నా చెవుల్లో గింగురుమంటోంది. ఆయన మొహంలోకి చూశాను. ఆటపట్టిస్తున్న మొహం కాదు. ఆ కళ్ళల్లో ఆ రోజు ఎండలో రంగులు చూసిన నా కళ్ళల్లో ఉన్నదే ఉంది, అంత ఆశ్చర్యం, అంత సంబురం.

మెల్లగా లేచి ఆయన వెనక్కి వెళ్ళాను. "ఇగో" అన్నాను. తిరగలేదు. కొంచెం గట్టిగా, "నీకు సైరన్ ఇనవడ్తలేదా?" అన్నాను. చేపల వైపే చూసి నవ్వుకుంటున్నాడు. సైరన్ ఆగింది. పేలుడు వచ్చింది, కిటికీలు గడగడలాడాయి. అప్పుడు వెనక్కి తిరిగి, "ఓడిపోయినవ్. గిన్నెలు నీయే" అన్నాడు.

ఆయన ముందు కూర్చున్నాను. నా పెదవులు కనిపించేట్టు కూర్చున్నాను.

"సైరన్ ఎప్పుడు కొట్టిండ్రు?"

"నడుమల కొట్టే ఉంటరు. రోజు కొట్టేదే కద."

"నువ్వు ఇన్నవా?"

ఆయన మొహంలో రక్తం దిగిపోవడం నాకు కనిపించింది. ఆ ప్రశ్న తనను తాను ఎన్నడూ అడగలేదు ఆయన. సైరన్ రోజూ ఉండేది, పేలుడుకు ముందు ఉండేది, కాబట్టి మోగే ఉంటుందని అనుకుంటూ వచ్చాడు.

"పనికాడ ఎట్ల తెలుస్తుంది నీకు?" అన్నాను.

"అందరు ఎనకకు మర్లుతరు గద. వాళ్ళను సూసి నేను గూడ మర్లుత" అన్నాడు.

"నువ్వొక్కనివే బోర్ల కాడ వంగి ఉంటే?"

అప్పుడు ఒకదాని తర్వాత ఒకటి చెప్పుకొచ్చాడు. చెవులు కొంచెం మందగించాయని రెండేళ్ళుగా తెలుసట. ఇంత అని తెలియదట. చెబితే బ్లాస్టింగ్ నుంచి తీసేస్తారని, తన చేతికింద పని నేర్చుకున్నవాళ్ళ ముందు చెవిటోడనిపించుకోవాల్సి వస్తుందని ఊరుకున్నాడట. "మగోళ్ళ మాట జర ఇనవడ్తది. గొంతు సన్నగుంటె ఇనవడది. నీది ఇనవడ్తలేదు. నువ్వు కోపానికొస్తె మొహం సూసి తెలుసుకుంట" అన్నాడు.

సిగ్గుతో చచ్చిపోయాను. నేను తిట్టిన తిట్లన్నీ ఆయన నా మొహం మీద చదువుకున్నాడన్నమాట, మాటలు లేకుండా. కొంగు నోట్లో కుక్కుకుని ఏడ్చాను. ఏడుస్తూనే, రేపే గనిలో నీ పైన ఉండే ఓవర్‌మ్యాన్‌కు చెప్పి దవాఖానకు పోవాలె అన్నాను. జర ఆగు, నెలాఖరుకు చెప్తా అన్నాడు. కాళ్ళు పట్టుకుంటానన్నాను. మొహం అటు తిప్పుకున్నాడు. మొహం తిప్పుకుంటే ఇక నా మాట అటు చేరదని అప్పుడే అర్థమైంది నాకు.

గురువారం పొద్దున మామూలుగానే డ్యూటీకి పోయాడు. నేను గడప దగ్గర అడ్డం నిలబడ్డాను, పక్కకు జరిపి పోయాడు. ఆయన ఫోన్‌కు చేస్తే ఏం లాభం, వినబడదు. ఆయనతో పనిచేసే తమ్ముడికి చేశాను, లోపల సిగ్నల్ లేదు. రెండు గంటల నుంచీ తొట్టి ముందే ఉన్నాను. నీలం, నారింజ, అదే వెలుగు, వాటి మానాన అవి తిరుగుతున్నాయి. సైరన్ మోగింది. ఏడూ దిగిపోయాయి. ఎక్కడో సముద్రాల అవతలి నుంచి వచ్చిన వేలెడు చేపలు మా ఊరి సైరన్‌కు అర్థం తెలుసుకుని ప్రాణం దాచుకున్నాయి. వాటికి తెలిసింది మా ఆయనకు ఇప్పుడు తెలుస్తోందా? ఎవరైనా వెనక్కి తిరిగారా, ఆయన వాళ్ళను చూశాడా, బోరు మీద వంగి ఉన్నాడా? ఆ కొద్ది నిమిషాల్లో నేను మొక్కని దేవుడు లేడు. పక్కింటి అవ్వ దేవుడికి కూడా మొక్కాను. పేలింది.

ఐదింటికి వచ్చాడు. చెప్పులు విప్పకుండానే నా ఎదురుగా నిలబడ్డాడు.

"ఇయ్యాల నేను బోర్ల కాడికి పోలె" అన్నాడు. "నిన్నటిదాక తెల్వక నడిచిన. తెలిసినంక కాళ్ళు కదలలె. పొద్దుగాలనే ఓవర్‌మ్యాన్‌కు చెప్పిన. అందరి ముంగటనే చెప్పిన. దవాఖానకు పంపిండ్రు."

ఆ తర్వాత పరీక్షలు, రెండు మూడుసార్లు తిరగడం, గనిలోకి పోకుండా ఆఫీసులో డ్యూటీ. చెవికి చిన్న మిషన్ ఇచ్చారు. పెట్టుకున్న రోజు ఇంట్లోకి వస్తూనే ఆగిపోయి, "గీ తొట్టి మోటరు గింత మోత చేస్తదా?" అన్నాడు. అది చప్పుడే చేయదనుకుంటున్నాడట. నేను నవ్వాను. ఆయన కూడా నవ్వాడు. నా గొంతు మాత్రం తాను అనుకున్నట్టు లేదన్నాడు, మంచిగుందన్నాడు.

మరునాడు బుధవారం, నాకు ఇంకా సెలవులే. మధ్యాహ్నం ఇద్దరం తొట్టి దగ్గరే ఉన్నాం, ఆయన చేతిలో చాయ్. రెండున్నరకు సైరన్ మోగింది. ఎవరో కొట్టినట్టు ఉలిక్కిపడ్డాడు. చాయ్ చొక్కా మీద ఒలికింది. నా వైపు తిరిగాడు.

"గింత గట్టిగనా?"

"గింత గట్టిగనే. రోజు" అన్నాను.

గోడకు చెయ్యి ఆనించుకున్నాడు. "దీన్ని ఇనకుండ నేను ఆడ నిలవడ్డనా" అన్నాడు, చిన్నగా, తనలో తనే. పద్దెనిమిదేళ్ళలో ఆయన కళ్ళ నీళ్ళు చూడటం అదే మొదటిసారి. నేను చూడలేక కిటికీ మూద్దామని లేచాను.

"ఉండనియ్యి. పూర్తిగ ఇననియ్యి" అన్నాడు.

అది ఆగేదాకా ఇద్దరం అట్లాగే నిలబడి విన్నాం.